అక్షరశిల్పి విన్సెంట్ ఫిగిన్స్

పాఠ్యభాగ ఉద్దేశం

మనం అక్షరాన్ని అర్థం కోసం చూస్తాము. దాని ఆకృతిని గమనించము. కాని ప్రతి అక్షరాకృతి వెనుక ఒక మనిషి శ్రమ, ఒక కాలపు అవసరం దాగి ఉంటాయి. ఈ సత్యాన్ని విద్యార్థులకు తెలియజేయడం, ఆస్తి లేకపోయినా చేతిలో విద్య ఉన్నవాడు నిలదొక్కుకోగలడని గ్రహింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

హనుమకొండలోని వేయిస్తంభాల గుడిని చూడని ఓరుగల్లు విద్యార్థి ఉండడు. కాకతీయ రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం అక్కడ ఉన్నది. నల్లని రాతిమీద బారులు తీరిన ఆ అక్షరాలను చూచినవారు రుద్రదేవుని పరాక్రమాన్ని తలుస్తారు. శాసనాన్ని రచించిన అచింతేంద్రుని పాండిత్యాన్ని తలుస్తారు. ఉలి పట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క అక్షరాన్ని రాతిలో నిలిపిన శిల్పిని తలచేవారు మాత్రం అరుదు. అచ్చుపుస్తకం విషయంలోనూ ఇదే జరుగుతుంది. గ్రంథం చదివి కవిని మెచ్చుకుంటాము. ముద్రాపకుని పేరైనా ఒకప్పుడు గుర్తుంచుకుంటాము. ఆ గ్రంథంలోని అక్షరాలను మొట్టమొదట చెక్కినవాడెవడో అని ఆలోచించము.

అట్లా మరుగున పడిన అక్షరశిల్పులలో ఒకడు విన్సెంట్ ఫిగిన్స్. ముద్రణ చరిత్రలో ఆయన పేరు ప్రసిద్ధమైనదే అయినా మన విద్యార్థులకు అంతగా తెలియదు. నేడు పుస్తకాల అట్టలమీద, దుకాణాల నామఫలకాలమీద, పత్రికల శీర్షికలలో కనిపించే ఒక అక్షరజాతికి ఆయన ఆద్యుడు. అంతేకాదు, మన తెలుగు లిపికి అచ్చులు చెక్కిన తొలినాటి పాశ్చాత్య శిల్పులలో ఆయన ఒకడు. ఈ రెండు కారణాలచేత ఆయన జీవితం మనకు తెలుసుకోదగినది.

ఫిగిన్స్ 1766లో జన్మించాడు. పదహారేళ్ల వయసులో, 1782లో, లండను నగరంలో జోసెఫ్ జాక్సన్ అనే అక్షరశిల్పి వద్ద శిష్యుడుగా చేరాడు. ఆ రోజులలో అక్షరాలు పోతపోసే విద్య గురువు చెంత ఏళ్ల తరబడి ఉండి నేర్వవలసినదే తప్ప పుస్తకాలలో దొరికేది కాదు. ఈ విద్య స్వరూపం తెలిస్తే గాని ఫిగిన్స్ సాధించినదేమిటో బోధపడదు.

మొదట శిల్పి ఒక చిన్న ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తలకిందులుగా, అంటే అద్దంలో కనిపించే తీరున, ఆకురాయితోనూ సూదిమొన ఉలితోనూ చెక్కుతాడు. దీనిని పంచ్ అంటారు. ఆ ఉక్కును కాల్చి గట్టిపరచి, రాగిదిమ్మమీద పెట్టి సుత్తితో కొడితే రాగిలో అక్షరం గుంటగా పడుతుంది. ఈ రాగిదిమ్మయే మాతృక. మాతృకను మూసలో అమర్చి సీసం, తగరం, ఆంటిమొని కలిపి కరిగించిన లోహాన్ని పోస్తే అచ్చక్షరం తయారవుతుంది. ఒక మాతృకనుండి వేలకొలది అక్షరాలు పుట్టవచ్చు. కాని మొదటి ఉక్కుమీద వెంట్రుకవాసి పొరపాటు జరిగితే అది ఆ వేల అక్షరాలలోనూ కనిపిస్తుంది. అందుచేతనే పంచ్ చెక్కేవాని చేతికి అంత విలువ.

గురువైన జాక్సన్ ఆ విద్యను కష్టపడి సంపాదించినవాడు. ఆయన ప్రసిద్ధుడైన విలియం కాస్లన్ కార్ఖానాలో శిష్యుడుగా ఉన్నప్పుడు, పంచ్ చెక్కే రహస్యాన్ని యజమానులు తలుపులు మూసుకొని తమలో తామే దాచుకొనేవారు. జాక్సన్ చెక్కగోడకు చిన్న రంధ్రం చేసి, దానిలోనుండి చూచి ఆ విద్యను గ్రహించాడని ముద్రణ చరిత్రకారులు చెబుతారు. దొంగచాటుగా నేర్చుకోవలసి వచ్చిన ఆ విద్యను జాక్సన్ తన శిష్యునికి మాత్రం దాచకుండా నేర్పాడు. విద్య పంచితే పెరుగుతుందనే మన పెద్దల భావన ఆ గురుశిష్యుల పట్ల నిజమైంది.

జాక్సన్ కార్ఖానాకు భారతదేశంతో కూడా సంబంధం ఉండేది. బెంగాలీ లిపికి అచ్చులు సిద్ధం చేసే ప్రయత్నం 1770ల దశకంలో అక్కడ జరిగింది. తరువాత నాగరి లిపికి కూడా జాక్సన్ అచ్చులు చెక్కాడు. లండను నగరంలో, పొగ కమ్మిన ఒక కార్ఖానాలో, తూర్పుదేశపు లిపులు ఉక్కుమీద రూపుదిద్దుకొంటుండగా ఫిగిన్స్ తన యౌవనాన్ని గడిపాడు.

1790లో జాక్సన్ కార్ఖానాలో అగ్నిప్రమాదం జరిగింది. మూసలు, మాతృకలు చాలావరకు దెబ్బతిన్నాయి. ఆ దిగులుతో గురువు ఆరోగ్యం క్షీణించింది. కార్ఖానా బాధ్యతను ఫిగిన్స్ భుజాన వేసుకొన్నాడు. దెబ్బతిన్నవాటిని సరిచేయడం, పనివారిని నడిపించడం, ముద్రాపకులకు ఇచ్చిన మాట నిలబెట్టడం అన్నీ ఆయన మీదనే పడ్డాయి. 1792లో జాక్సన్ మరణించాడు.

పదేళ్లపాటు ఆ కార్ఖానానే లోకంగా బ్రతికిన ఫిగిన్స్ దానిని తానే కొని నడపాలని ఆశపడ్డాడు. అందుకు కావలసిన ధనం ఆయన వద్ద లేదు. కాస్లన్ వంశీయుడైన మూడవ విలియం కాస్లన్ ఆ కార్ఖానాను కొన్నాడు. తన గురువు పంచ్‌లు, తాను సరిచేసిన మాతృకలు, తన చేతి చెమట పట్టిన పనిముట్లు అన్నీ పరుల సొత్తయినాయి. ఇరవై ఆరేళ్ల వయసులో ఆయన ఒట్టిచేతులతో వీధిలో నిలిచాడు. ఆ చేతులలో ఉన్న విద్యను మాత్రం ఎవరూ కొనలేకపోయారు.

అప్పుడు ఆయనను ఆదుకొన్నవాడు జాన్ నికొల్స్. ఆయన లండనులో పేరున్న ముద్రాపకుడు, పండితుడు. జాక్సన్ పనితనాన్ని ఎరిగినవాడు. సొంత కార్ఖానా పెట్టుకొమ్మని ఫిగిన్స్‌ను ఆయన ప్రోత్సహించాడు. 1792లోనే హోబర్న్ ప్రాంతంలోని స్వాన్ యార్డ్‌లో ఫిగిన్స్ తన కార్ఖానాను ప్రారంభించాడు.

ఆయనకు మొదటి పరీక్ష వెంటనే ఎదురైంది. థామస్ బెన్స్‌లీ అనే ముద్రాపకుడు మాక్లిన్ అనే ప్రకాశకుని కోసం ఒక మహత్తరమైన బైబిలు ప్రతిని అచ్చువేస్తున్నాడు. అందులోని పెద్ద అక్షరాలను జాక్సన్ చెక్కాడు. గ్రంథం సగంలో ఉండగా జాక్సన్ మరణించాడు. ఆయన మాతృకలు పోటీదారు చేతికి పోయాయి. మిగిలిన గ్రంథానికి సరిగా అటువంటి అక్షరాలనే చెక్కే పనిని బెన్స్‌లీ ఫిగిన్స్‌కు అప్పగించాడు. ఇది చాలా కష్టమైన పని. క్రొత్త అక్షరం చెక్కేటప్పుడు శిల్పికి స్వేచ్ఛ ఉంటుంది. గురువు చెక్కిన అక్షరాన్ని తిరిగి చెక్కేటప్పుడు, పుట తిప్పిన పాఠకుని కంటికి గురువు పని ఎక్కడ ముగిసిందో, శిష్యుని పని ఎక్కడ మొదలైందో తెలియకూడదు. ఫిగిన్స్ ఆ పరీక్షలో నెగ్గాడు. ఆ బైబిలు 1800లో ఆరు సంపుటాలుగా వెలువడి ఆంగ్ల ముద్రణలోని గొప్ప గ్రంథాలలో ఒకటిగా పేరుపొందింది. కార్ఖానాను పోగొట్టుకొన్న శిష్యుడు గురువు చేతివాటాన్ని మాత్రం పోగొట్టుకోలేదని దానితో లోకానికి తెలిసింది.

ఆ తరువాత పనులు వాటంతట అవే వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయానికి గ్రీకు అచ్చులు చెక్కాడు. విలియం ఔజ్‌లీ అనే పండితుని మార్గదర్శకత్వంలో పారశీక లిపికి అచ్చులు సిద్ధం చేశాడు. 1801లో తన కార్ఖానాను వెస్ట్ స్మిత్‌ఫీల్డ్ ప్రాంతానికి మార్చాడు. ఈస్టిండియా కంపెనీ ఆయనచేత తెలుగు అచ్చులు చెక్కించినది ఆ రోజులలోనే, అంటే పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరాలలోనే.

తెలుగు అచ్చులకు ఇది ఆరంభం కాదు. అంతకు అర్ధశతాబ్దం ముందే, 1746, 47 సంవత్సరాలలో, జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ అనే క్రైస్తవ మతబోధకుడు తెలుగులో చిన్న పుస్తకాలు అచ్చువేయించాడు. 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం బెంగాలులోని శ్రీరాంపురంలో వెలువడింది. ఈ రెండింటి నడుమ లండనులో జరిగిన ప్రయత్నం ఫిగిన్స్‌ది. తెలుగు నేలమీద ఒక్కనాడైనా అడుగు పెట్టనివాడు, తెలుగు మాట ఒక్కటైనా వినే అవకాశం లేనివాడు మన అక్షరాలను ఉక్కుమీద నిలపడానికి పూనుకోవడం సామాన్యమైన సంగతి కాదు.

ఆ పనిలోని కష్టమేమిటో తెలుగువారమైన మనం సులభంగా ఊహించగలము. మన లిపి తాటాకుమీద గంటంతో వ్రాయగా పెరిగిన లిపి. నిలువుగీతలకన్నా గుండ్రని మలుపులు దీనిలో ఎక్కువ. ఇంగ్లీషుకు ఇరవై ఆరు అక్షరాలు, వాటి పెద్దరూపాలు, అంకెలు, కొన్ని గుర్తులు చాలు. తెలుగుకు హల్లులు, అచ్చులు, తలకట్లు, గుణింతపు గుర్తులు, వత్తులు కలిసి కొన్ని వందల ముక్కలు కావాలి. అక్షరం పైన గుడి, కింద వత్తు, పక్కన కొమ్ము. ఇన్నీ ఒకదానికొకటి తగలకుండా, విడిపోకుండా కుదరాలి. పైగా గీత చిన్నదైనా అర్థం పెద్దది. దార అంటే భార్య. ధార అంటే ప్రవాహం. ఈ రెండు మాటలకూ భేదం అక్షరం అడుగున ఉన్న ఒక్క చిన్న గీతలో ఉన్నది. భాష తెలియని శిల్పి ఆ గీతను అలంకారమనుకొని వదలివేస్తే మాటే మారిపోతుంది. కనుక అక్కరకు వచ్చే గీత ఏదో, అక్కరలేనిది ఏదో గుర్తించేందుకు అతనికి కంటితోపాటు వినయం కూడా కావాలి. తనకు తెలియని దానిని తెలిసినవారిని అడిగి, చూపిన ప్రతిని నమ్మకంగా అనుసరించే గుణం ఉండాలి. గురువు అక్షరాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా తిరిగి చెక్కినవానికి ఆ గుణం కొరవడలేదు.

ఇంతవరకు మనం చూచిన ఫిగిన్స్ పుస్తకాలకు అక్షరాలు చేసినవాడు. ఇక చూడబోయేవాడు వీధికి అక్షరాలు చేసినవాడు.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో ఇంగ్లండు యంత్రయుగంలో అడుగుపెట్టింది. కార్ఖానాలు పెరిగాయి, సరకులు పెరిగాయి, వాటిని అమ్ముకోవడానికి పోటీ పెరిగింది. 1800 ప్రాంతంలో స్టాన్‌హోప్ ప్రభువు ఇనుప ముద్రణయంత్రాన్ని రూపొందించాడు. 1814లో లండనులోని టైమ్స్ పత్రికను ఆవిరియంత్రంతో అచ్చువేశారు. నాటక ప్రదర్శనలకు, లాటరీలకు, ఓడల ప్రయాణాలకు గోడపత్రాలు వెలిశాయి. అంతవరకు అక్షరం ఒడిలోని పుస్తకంలో ఉండి, దీపం దగ్గర కూర్చున్న పాఠకునితో మెల్లగా మాట్లాడేది. ఇప్పుడు అది గోడమీద నిలబడి, బండిలో పోయేవానిని కేకవేసి పిలవవలసి వచ్చింది. పుస్తకపు అక్షరం ఆ పనికి చాలలేదు. దాని సన్నని గీతలు దూరాన కనిపించకుండా పోయేవి.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం తెలుసుకోవాలి. ఇంగ్లీషు అక్షరం కొసలలో, ఉదాహరణకు నిలువుగీత పాదం వద్ద, అడ్డంగా ఒక చిన్న గీత ఉంటుంది. దానిని సెరిఫ్ అంటారు. పుస్తకాలలోని సెరిఫ్ సన్నగా, మొనదేలి ఉంటుంది. 1815 నాటిదిగా చెప్పే తన నమూనాపుస్తకంలో ఫిగిన్స్ ఒక క్రొత్త అక్షరాన్ని ప్రకటించాడు. ఆ పుస్తకంలోని కొన్ని కాగితాలపై 1817 నీటిగుర్తు ఉన్నందున దాని పుట్టుకను ఈ రెండు సంవత్సరాల నడుమ నిర్ణయిస్తారు. ఆ అక్షరంలో సెరిఫ్ సన్నని గీత కాదు. నిలువుగీతకు దీటైన మందంతో రాతిపలకవలె దిట్టంగా నిలిచింది. ఇంటికి పునాదిరాయి ఉన్నట్లు ప్రతి అక్షరానికీ అడుగున ఒక పలక, పైన ఒక పలక. నిలువుగీత, అడ్డుగీత, కొసగీత అన్నీ ఇంచుమించు ఒకే మందం. దూరంనుండి చూచినా ఏ భాగమూ కంటికి అందకుండా పోదు. ఈ జాతినే నేడు స్లాబ్ సెరిఫ్ అంటున్నారు. మనం పలక సెరిఫ్ అనుకోవచ్చు. ఫిగిన్స్ తొలి నమూనాలో పెద్ద అక్షరాలు మాత్రమే ఉండేవి.

ఆయన దానికి యాంటిక్ అని పేరు పెట్టాడు. ప్రాచీనమని దాని అర్థం. పూర్తిగా క్రొత్తదైన అక్షరానికి ప్రాచీనమనే పేరు రావడం విచిత్రమే. తరువాత ఈ జాతికి ఈజిప్షియన్ అనే పేరు కూడా వ్యాపించింది. 1798లో నెపోలియను ఈజిప్టు దండయాత్ర తరువాత యూరపులో ఆ దేశపు శిల్పాలమీద మోజు పెరిగింది. బరువుగా, చదునుగా ఉన్న దేనిని చూచినా ఈజిప్టే గుర్తుకు వచ్చే రోజులవి. అక్షరానికీ ఆ పేరు అంటుకొన్నది.

పుస్తకప్రియులకు ఈ అక్షరాలు నచ్చలేదు. 1825లో ముద్రణకళపై పెద్ద గ్రంథం ప్రకటించిన థామస్ హాన్సర్డ్ ఇటువంటి బొద్దు అక్షరాలను వికృతరూపాలని నిందించాడు. ఆ విమర్శలో కొంత న్యాయం ఉన్నది. ఆ అక్షరంతో కావ్యం అచ్చువేస్తే పాఠకుని కళ్లు అలసిపోతాయి. కాని ఫిగిన్స్ దానిని కావ్యం కోసం చేయలేదు. గుడిగంటను పూజగదిలో చేతిగంటవలె మ్రోగలేదని నిందించడం ఎంత సమంజసమో ఇదీ అంతే. పుస్తకానికి తగిన అక్షరం ఏదో మాక్లిన్ బైబిలులో చూపినవాడే గోడకు తగిన అక్షరం ఏదో యాంటిక్‌లో చూపాడు. పని తెలిసి పనిముట్టు చేయడం ఆయన ధర్మం. రెండు చోట్లా ఆ ధర్మాన్నే పాటించాడు.

1832 నమూనాలో ఆయన మరొక అడుగు వేశాడు. కొసగీతలను పూర్తిగా తీసివేసిన అక్షరాలను ప్రకటించి వాటికి సాన్స్ సెరిఫ్ అని పేరు పెట్టాడు. సెరిఫ్ లేనిదని దాని భావం. అటువంటి అక్షరాలు అంతకుముందే వేరొకరు చేసినా, నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఆ పేరు మాత్రం ఫిగిన్స్ నమూనాతోనే ముద్రణాలయాలకు తెలిసింది. 1836లో కార్ఖానాను కుమారులైన విన్సెంట్, జేమ్స్‌లకు అప్పగించి ఆయన విశ్రాంతి తీసుకొన్నాడు. 1844లో మరణించాడు.

శిల్పి మరణించినా అక్షరం మరణించలేదు. మరుసటి సంవత్సరమే, 1845లో, లండనులోని మరొక కార్ఖానాకు చెందిన రాబర్ట్ బెస్లీ ఈ పలక సెరిఫ్‌కు కొంత మెత్తదనం కలిపి క్లారెండన్ అనే అక్షరాన్ని ప్రకటించాడు. పలక నిలువుగీతను కలిసే చోట చిన్న వంపు ఇవ్వడం దానిలోని విశేషం. నిఘంటువులలో ఆరోపాలను, అంటే అర్థం చెప్పవలసిన మాటలను, బొద్దుగా చూపడానికి అది ఉపయోగపడింది. అమెరికాలో 1827 ప్రాంతంలో డేరియస్ వెల్స్ యంత్రంతో కొయ్య అక్షరాలు కోయడం మొదలుపెట్టగా, పలక సెరిఫ్ మూరెడు ఎత్తున గోడలకెక్కింది.

వరంగల్, హనుమకొండ వీధులలో ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్లు ఉండేవి. లోయరు, హయ్యరు పరీక్షలకు అక్కడ వేళ్లు అరిగేలా సాధన చేసిన తరం ఒకటి ఉన్నది. ఆ టైపు మిషను కాగితంమీద కొట్టిన ఇంగ్లీషు అక్షరాలను జ్ఞప్తికి తెచ్చుకోండి. అవి ఎక్కువగా పలక సెరిఫ్ అక్షరాలే! దీనికి ఒక కారణం ఉన్నది. టైపు మిషనులో ప్రతి అక్షరానికీ సమానమైన చోటు. వెడల్పైన ఎమ్‌కు, సన్నని ఐకి ఒకే కొలత. ఐ అక్షరానికి పైన, కింద పొడవైన పలకలు తగిలిస్తే గాని ఆ ఖాళీ నిండదు. 1955లో హోవర్డ్ కెట్లర్ రూపొందించిన కూరియర్ అక్షరం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. గమనించవలసిన విశేషమేమిటంటే, ఇక్కడ పలక సెరిఫ్ బరువు తగ్గి సన్నబడింది. గోడమీద కేకవేసిన అక్షరమే అర్జీలలో, తీర్పులలో, ఉద్యోగపు ఉత్తర్వులలో మెల్లగా మాట్లాడడం నేర్చింది.

ఇరవయ్యవ శతాబ్దిలో జర్మనీకి చెందిన రుడాల్ఫ్ వోల్ఫ్ 1929లో మెంఫిస్ అనే పలక సెరిఫ్‌ను రూపొందించాడు. మెంఫిస్ ఈజిప్టులోని ఒక ప్రాచీన నగరం. పాత పేరు తాలూకు జ్ఞాపకం అట్లా నిలిచింది. 1934లో ఇంగ్లండులోని మోనోటైపు సంస్థ రాక్‌వెల్‌ను విడుదల చేసింది. ఇవి ఒక్కొక్కటి ఒక కుటుంబం. ఒకే ఆకృతికి బొద్దు రూపం, మధ్యమ రూపం, సన్న రూపం, వాటికి తోడు వాలు రూపాలు ఉంటాయి. సన్నగా, వాలుగా ఉండే రూపాన్ని లైట్ ఇటాలిక్ అంటారు. వాలు అక్షరం కూడా ఈనాటిది కాదు. 1501లో వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ చిన్న పుస్తకాల కోసం చేతివ్రాతను అనుసరించి చెక్కించిన అక్షరాలే ఇటాలిక్‌కు మూలం.

సన్నని వాలు పలక సెరిఫ్‌ను గీయడం పైకి తేలికగా తోస్తుంది. నిజానికి బొద్దు అక్షరంలో దాగే లోపాలన్నీ దీనిలో బయటపడతాయి. నిలువుగీత కుడివైపు ఒరుగుతుంది. పలక మాత్రం పంక్తి వెంబడి అడ్డంగానే ఉండాలి. ఆ రెండూ కలిసే చోట ఒక ప్రక్క కోణం ఇరుకవుతుంది, మరొక ప్రక్క విశాలమవుతుంది. కనుక రెండువైపులా పలక పొడవును కంటితో సరిచూచుకోవాలి. గుండ్రని అక్షరాన్ని యాంత్రికంగా వాల్చితే వంపులోని మందం చెదరుతుంది. దానిని తిరిగి గీయవలసినదే. పక్కపక్క అక్షరాల పలకలు తగులుకోకుండా దూరం పాటించాలి. ఇంత శ్రమపడి చేసిన అక్షరం చిన్న పరిమాణంలో అచ్చువేస్తే దాని సన్నని గీతలు కాగితంలో ఇంకి కనుమరుగవుతాయి. అందుకే దానిని శీర్షికలకు, గ్రంథాల అట్టలకు, ఆహ్వానపత్రాలకు వాడుతారు. తెల్లని కాగితంమీద విశాలమైన ఖాళీ నడుమ నాలుగైదు మాటలు ఉన్నచోట అది అందగిస్తుంది. పలక ఉన్నందున నిలకడ, వాలు ఉన్నందున చలనం, సన్నదనం ఉన్నందున సౌకుమార్యం దానికి అబ్బుతాయి.

మన భాషకు దీనివలన కలిగే పాఠం ఏమిటి? తెలుగు అక్షరానికి సెరిఫ్ లేదు, తలకట్టు ఉన్నది. వాలు అక్షరాల సంప్రదాయం కూడా మన అచ్చులో పాతది కాదు. నేడు కంప్యూటరులో ఒక్క మీట నొక్కి తెలుగును వాల్చుతున్నాము. యంత్రం పంక్తిని ఆధారం చేసుకొని వాల్చుతుంది కనుక పైనున్న గుడి కుడికి జరుగుతుంది, కిందనున్న వత్తు ఎడమకు జరుగుతుంది. అక్షరం నడుము విరిగినట్లవుతుంది. వత్తు ఏ అక్షరానిదో ఒక్కొక్కసారి బోధపడదు. మీ ఇంట్లో ఉన్న ఏ శుభలేఖనైనా తీసి చూడండి. ఈ సంగతి మీకే తెలుస్తుంది. పెద్దన, ధూర్జటి, తిమ్మన వంటి మహాకవుల పేర్లతో తెలుగు ఫాంట్లు వెలువడడం సంతోషించవలసిన విషయం. అయితే మన లిపి స్వభావాన్ని ఎరిగి, గుడిని గుడిగా, వత్తును వత్తుగా తిరిగి గీసే అక్షరశిల్పులు ఇంకా ఎందరో కావాలి. ఆ పనికి చిత్రకళ చాలదు, కంప్యూటరు విద్య చాలదు. భాష తెలియాలి, చదివేవానిపట్ల గౌరవం ఉండాలి.

విన్సెంట్ ఫిగిన్స్ రాజ్యాలు గెలవలేదు, కావ్యాలు వ్రాయలేదు. గురువు కార్ఖానాను కొనలేక ఒట్టిచేతులతో నిలిచిన ఒక పనివాడు ఆయన. కాని ఎవరి కోసం చెక్కుతున్నాడో, ఏ పనికి చెక్కుతున్నాడో ఒక్కనాడూ మరువలేదు. తాను చదవలేని తెలుగు అక్షరానికీ, తాను నిత్యం చదివే ఇంగ్లీషు అక్షరానికీ ఒకే ఉలి పట్టాడు. ఇకమీదట వేయిస్తంభాల గుడిలో శాసనం ముందు నిలబడినప్పుడు, ఒక పుస్తకపు అట్టమీద సన్నని వాలు అక్షరాలను చూచినప్పుడు, చదవడానికి ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ అక్షరాన్ని చెక్కిన చేతికి మనస్సులో నమస్కరించి, ఆ తరువాత చదవండి.

ప్రశ్నలు

1. విన్సెంట్ ఫిగిన్స్ సొంత కార్ఖానాను స్థాపించడానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.

2. భాష తెలియని శిల్పికి తెలుగు అచ్చులు చెక్కడంలో ఎదురయ్యే కష్టాలేమిటి?

3. పలక సెరిఫ్ అక్షరం పుట్టుకకు కారణమైన సామాజిక పరిస్థితులను తెలపండి. దానిపై వచ్చిన విమర్శ ఎంతవరకు సమంజసమో చర్చించండి.

4. మీ ఇంట్లోని ఒక శుభలేఖను, ఒక పాఠ్యపుస్తకాన్ని పరిశీలించి, వాటిలోని అక్షరాల ఆకృతులలో మీరు గమనించిన భేదాలను పది పంక్తులలో వ్రాయండి.